కళాశాల పిల్లులు

2024వ సంవత్సరము మే నెలలో అమెరికాదేశమున వెర్మాంటు రాష్ట్రమందలి కాసిల్టన్ పట్టణములోని విశ్వవిద్యాలయమువారు మాక్సు అను నొక చారల పిల్లికి గౌరవ డాక్టరు బిరుదము నొసంగిరి. అది విద్యాలయపు సింహద్వారమునకు చేరువనున్న యొక యింటివారి పిల్లి. ప్రతిదినమును లోనికి బోయి, విద్యార్థుల వీపుసంచుల నెక్కి తిరుగుచు, విద్యాలయమును చూడవచ్చినవారి వెంట తానును నడచుచు, కొన్ని యేండ్లలో అందఱకును చుట్టమైనది. ఇంగ్లండున ఆక్స్‌ఫర్డునందలి హెర్ట్‌ఫర్డు కళాశాలలో నొక పిల్లి గతించినచో తరువాత వచ్చినదానికిని సింప్కిన్ అను పేరే పెట్టుదురు; మన యిండ్లలో తాతపేరు మనుమనికి వచ్చినట్లు. ఇట్టి వార్తలను చదివినప్పుడు నవ్వు వచ్చుట సహజము. మాకును వచ్చినది. కాని మాక్సునకు సాయంకాలము మరలిపోవుటకు ఇల్లున్నది, సింప్కినునకు తనదను గిన్నె యున్నది. ఇల్లును గిన్నెయు లేక, కళాశాల గోడల నడుమనే పుట్టి, అచటనే పిల్లలను బెట్టి, అచటనే చచ్చు పిల్లులు లోకమున లెక్కకు మిక్కిలిగా కలవు. సోదరీమణులకు మేము చెప్పబూనినది వానిని గూర్చియే.

క్రిందటి యేడు సంక్రాంతికి కొన్నిదినములు ముందుగా మా మేనకోడలు చదువుచున్న బాలికల వసతిగృహమునకు పోయితిమి. మధ్యాహ్నపు భోజనపు గంట మ్రోగినది. బాలికలకన్న ముందుగా వంటశాల వెనుక గుమ్మమున తొమ్మిది పిల్లులు వచ్చి వరుసగా కూర్చుండెను. ఆ క్రమశిక్షణ బాలికలలో మాకు కనబడలేదు. పసుపువన్నె పిల్లికి పులిహోర యనియు, బూడిదవన్నెదానికి విభూతి యనియు, ఒంటికన్ను గల గండుపిల్లికి శుక్రాచార్యులనియు పేరులు పెట్టిరి. “చూశారా అత్తయ్యా! వీటికి గంట తెలుసు, ఏ రోజు ఏ కూరో కూడా తెలుసు. చేపల రోజున పక్క హాస్టలువి కూడా వచ్చేస్తాయి” అని మా మేనకోడలు మురిసిపోయెను.

గుమ్మమున గిన్నెలు కడుగుచున్న వంటామె తల యెత్తకయే యిట్లనెను: “ఈ పిల్లలకేం అమ్మగారూ! ఏప్రిల్ నెలాఖరుకి పెట్టెలు సర్దుకుని వెళ్లిపోతారు. మెస్సు మూసేస్తారు. మళ్లీ జూన్‌లో తలుపులు తెరిచాక ఏ మెట్ల కింద ఏం పడుందో చూసి తీసి పారేసేది మేమే.”

మా మేనకోడలి మోము చిన్నబోయెను. ఆ బాలిక అక్కడ చేరి రెండేండ్లయినను, సెలవులలో ఆ గుమ్మమున గంట మ్రోగదను సంగతి దానికి తోచినట్లు లేదు.

కళాశాలలకు పిల్లులు చేరుటకు కారణము వెదుకనక్కఱలేదు. వందలకొలది పళ్లెములలో మిగిలిన యన్నము, బియ్యపు కొట్లలో ఎలుకలు, మెట్లక్రిందను నీటితొట్ల వెనుకను ఎవరును తొంగిచూడని మూలలు, రాత్రివేళ బండ్ల రాకపోకలు లేని దారులు. వీనన్నిటికి మించి, ఇల్లు విడిచివచ్చి, నిమురుటకు నొక ప్రాణి కావలయునని వెదకుకొను పదునెనిమిదేండ్ల బాలబాలికలు. పరీక్షకు ముందటి రాత్రి పిల్లిని ఒడిలో నిడుకొని తెల్లవాఱువఱకు చదువుకొన్నామని ఆ వసతిగృహమున ముగ్గురు బాలికలు మాతో చెప్పిరి. ఆ ప్రేమను మేము తక్కువచేసి మాటలాడము. కాని అది విద్యాలయపు సెలవుల పట్టిక ననుసరించి వచ్చిపోవు ప్రేమ. పిల్లి కడుపునకు ఆ పట్టిక తెలియదు.

వంటామె మాట మాకు గుచ్చుకొనుటకు వేఱొక కారణము కూడ కలదు. అది చెప్పుకొనుటకు సిగ్గగుచున్నను చెప్పవలసినదే. కొన్నియేండ్ల క్రిందట మా కొట్టుగదిలో పాత గంపలో నొక పిల్లి నాలుగు పిల్లలను బెట్టినది. అదే సంవత్సరమున అది రెండవ యీత. పాలగిన్నెలకు మూతలు పెట్టలేక విసిగి, ఆ నాలుగింటిని గోనెసంచిలో పెట్టించి, కాలువ కావలనున్న యొక కళాశాల గోడవద్ద విడిచి రమ్మని పనివానిని మేమే పంపితిమి. “అక్కడ పిల్లలుందురు, అన్నము దొరకును, మనకు పాపము లేదు” అని సమాధానము చెప్పుకొంటిమి. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని కదా సామెత! మేము త్రిప్పినది ఎనిమిదవ యిల్లు. అక్కడ ఇల్లే లేదు. తల్లి మూడు రాత్రులు ఆ గంప చుట్టు తిరిగి అఱచినది. భగవంతుడు తన్ను నమ్మినవానిని తల్లిపిల్లి కూనను నోట కఱచుకొని పోయినట్లు కాపాడునని చెప్పు మార్జాలకిశోరన్యాయమును చిన్ననాట మా తాతగారి యొద్ద వినియుంటిమి. ఆ తల్లికి నోట పట్టుకొనుటకు కూనయే లేకుండ మేము చేసితిమి.

పిల్లిని చంపినచో బంగారు పిల్లిని చేయించి దానమీయవలెనని పెద్దలు చెప్పుదురు. సంచిలో కట్టి విడిచినందుకు ప్రాయశ్చిత్తమెవరును చెప్పినట్లు మేము వినలేదు. మన దేశపు చట్టము మాత్రము చెప్పినది: ఆకలిచేతను దప్పిచేతను బాధపడునట్టి స్థితిలో జంతువును తగిన కారణము లేక విడిచిపోవుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఈ సంగతి నెఱిగిన గృహిణులెందఱుందురో! మేమప్పు డెఱుగము.

ఇంతకును ఈ విడుచుట యేల వచ్చును? ఆడుపిల్లి యైదాఱు నెలల ప్రాయముననే యెదకు వచ్చును. చూలు తొమ్మిది వారములు. ఈతకు ఇంచుమించు నాలుగు కూనలు, ఏడాదికి రెండు మూడు ఈతలు. కూనలు పాలు మానకమునుపే తల్లికి మరల చూలు నిలువవచ్చును. ఈ లెక్కను చూచి లోకమంతయు పిల్లులతో నిండిపోవునని కొందఱు భయపడుదురు. అట్లు నిండకపోవుటకు గల కారణము భయముకన్న విచారకరమైనది. ఉత్తర కరోలినా రాష్ట్రమున దిక్కులేని పిల్లుల కూనలను 169 ని గమనించి చూడగా, ఆఱు నెలలు నిండకమునుపే నూటికి 75 చచ్చుటయో కనబడకపోవుటయో జరిగినదని 2004లో పశువైద్య పండితులు ప్రకటించిరి. మెట్లక్రింద వంటామెకు కనబడినవి ఆ లెక్కలోనివే.

ఈ చిక్కును ఓపికతో విప్పజూచిన విద్యాలయములు కొన్ని కలవు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1989లోనే ఇందులకై యొక సంఘమేర్పడినది. అంతకన్న వివరముగా లెక్కలు దొరకునది ఫ్లారిడా రాష్ట్రమున ఆర్లండో నగరమందలి సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయపు కథ. అచట 1991లో కొందఱు తమంతట తాము పూనుకొని పిల్లులను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి, మచ్చికయైనవానిని ఇండ్లకిచ్చి, మచ్చిక కానివానిని మరల నున్నచోటనే విడువ మొదలిడిరి.

పట్టుట యనగా వెంటబడి పట్టుట కాదు. ముందటి దినమున ఆహారము పెట్టక, తీగెల బోనులో వెనుకవైపున చేపముక్క నుంతురు. దానికై లోనికి పోయి పలకపై కాలిడగనే తలుపు మూసికొనును. తత్‌క్షణమే బోనుపై దుప్పటి కప్పవలయును. చీకటి కాగానే పిల్లి పెనుగులాట మానును. వైద్యుడు మత్తిచ్చి శస్త్రము చేసి, ఆ మత్తులోనే ఒక చెవికొనను అడ్డముగా కొంచెము కత్తిరించును. అది క్రూరత్వమని తోచునుగాని కాదు. దూరమునుండియే ఆ చెవిని చూచి, దీనికి చికిత్స జరిగినది, మరల పట్టనక్కఱలేదని తెలిసికొనవచ్చును. ఆ గుర్తు లేకున్నచో పాప మొక పిల్లికే రెండుమాఱులు కడుపు కోయుదురు.

మరల తెచ్చి యచటనే విడుచుటేల, ఎక్కడికైన పంపివేయరాదా యని సోదరీమణు లడుగవచ్చును. మేమును అడిగితిమి. అన్నమును మూలలును ఉన్నంతకాలము, ఉన్న పిల్లులను తీసివేసిన చోటికి వేఱు పిల్లులు చేరుచునే యుండును. క్రొత్తచోట విడువబడిన పిల్లి తిండి యెక్కడనో దాగుచోటెక్కడనో తెలియక నశించును. గోనెసంచి కథ కిది జవాబు.

ఆర్లండో కథను జూలీ లీవీ యను పశువైద్యురాలు మఱి యిద్దఱితో కలిసి 2003లో ప్రకటించినది. పదునొకండేండ్లలో లెక్కకు వచ్చిన పిల్లులు 155. మొదట నున్నవానిలో నూటికి 56 కూనలే. 1995 తరువాత ఆ విద్యాలయమున నొక్క కూనయైనను కనబడలేదు. 1996లో పూర్తిగా లెక్కించునప్పటికి పిల్లులు 68. 2002 నాటికి 23. ఇండ్లకు చేరినవి నూటికి 47. ఇంతవఱకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. నూటికి 15 కనబడకుండ పోయినవి, 6 చచ్చినవి, 11 మందిచ్చి ప్రాణము తీయబడినవి. అన్నింటికిని సుఖాంతము దొరకలేదు. అయినను, చివరకు మిగిలినవానిలో నూటికి 83 ఆఱేండ్లకు పైబడి యచటనే బ్రతికినవను మాట చదివినప్పుడు, ఆఱు నెలలైన నిండని యా కూనల లెక్క మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ నివేదికలో మఱియొక వాక్యమున్నది. దానిని మేము రెండు మూడుమాఱులు చదివితిమి. కూనలు పుట్టుట ఆగినను, బయటివారు తెచ్చి విడుచు పిల్లులు మాత్రము వచ్చుచునే యుండెనట. పూనుకొన్నవారు అట్లు వచ్చినదానిని వచ్చినట్లే పట్టి చికిత్స చేయించుటయో ఇంటికిచ్చుటయో చేసిరి గనుక ఫలము దక్కినది. సంచులు మోయువారు అన్ని దేశములందును ఉన్నారన్నమాట.

ఈ పద్ధతి నొప్పుకొననివారును కలరు. వారు మూర్ఖులు కారు. శస్త్రచికిత్స పిల్లికి సంతానమును మాన్పునుగాని వేటను మాన్పదు. కడుపునిండిన పిల్లి కూడ పిచ్చుకను పట్టును. తోటలలో పక్షులు గూళ్లు కట్టుచోట, అందును అరుదైన పక్షులు వచ్చుచోట, పిల్లులకు అన్నము పెట్టరాదనియు, వానినట విడువరాదనియు పక్షిప్రియులు చెప్పు మాట మాకు సరియైనదిగనే తోచుచున్నది. మిగిలినచోట్ల పిల్లులు తగ్గవలయునను విషయమున ఉభయులకును తగవు లేదు.

అన్నము సంగతి కూడ చెప్పవలయును. ఇది మన వంటింటి విషయము. మా మేనకోడలును దాని స్నేహితురాండ్రును ఆ పిల్లులకు పెరుగన్నము పెట్టుచుండిరి. ప్రేమతో పెట్టినదే గాని, పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. టారిను అను నొక పదార్థము మాంసమునందును చేపలందును ఉండును. అది చాలనియెడల పిల్లికి కన్నులును గుండెయు చెడును. గుండె చెడుటకు దీనితో గల సంబంధము 1987లో పండితులకు తెలిసినది. పాల మాటయు నట్టిదే. మన సామెతలలో పిల్లి కన్నులు మూసికొని పాలే త్రాగునుగాని, ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు జీర్ణము కాక విరేచనములగును. మంచినీరు చాలును. శాకాహారుల యిండ్ల బాలికలకు ఇది చిక్కే. ఆ వసతిగృహమున దానిని వంటామె తీర్చినది: పులుసులో ఉల్లిపాయలు వేయకమునుపే చేపతలలను వేఱుగా ఉడికించి తీసిపెట్టును. ఉల్లియు వెల్లుల్లియు పిల్లి రక్తమును చెఱచును గనుక, పులుసులో మిగిలిన ముక్క పెట్టుటకన్న ఇదియే మేలు. జ్వరమునకు మనము వేసికొను పారాసెటమాలు బిళ్లను పిల్లికి దయతోనైనను వేయరాదు. ఒక్కటియే ప్రాణము తీయగలదు.

ఇక వసతిగృహపు పిల్లులేమైనవో చెప్పవలయును. మేము తిరిగివచ్చిన వారము దినములకు మా మేనకోడలు ఫోను చేసి, ఇరువదిముగ్గురు బాలికలు చందా వేసికొన్నారనియు, ఊరిలోని పశువైద్యుడు శనివారములు చేయుట కొప్పుకొన్నాడనియు చెప్పెను. వసతిగృహపు అధికారిణి మొదట కోపించి, “ఇది ఆడపిల్లల హాస్టలా, పిల్లుల హాస్టలా?” అనెనట. పిల్లులు తగ్గుటకే ఈ పని యని వంటామెయే పోయి చెప్పి యొప్పించినది. ఆమె మాటకు గల విలువ బాలికల విజ్ఞాపనపత్రమునకు లేకపోయెను.

మేము పాతబోను నొకదానిని బాగుచేయించి పంపితిమి. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ నడిమివఱకు తొమ్మిదింటిలో ఎనిమిది చిక్కెను. శుక్రాచార్యులు మూడుమాఱులు బోనుదాక వచ్చి, చేపను వాసన చూచి, వెడలిపోయెను. ఇంతలో పట్టుబడకమునుపే చూలైయున్న యొక పిల్లి మెట్లక్రింద మూడు కూనలను బెట్టినది. ఒకటి చచ్చినది. రెండింటిని మూడవ వారము మొదలుగా బాలికలు వంతులవారీగా చేతులలో పెట్టుకొని పెంచిరి. కూన మనుష్యులకు మచ్చికయగు కాలము రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకే. అది దాటిన పిదప మనిషి నీడ పడినను పాఱిపోవును. ఆ రెండును తల్లిపాలు మానిన తరువాత ఊరిలో రెండిండ్లకు చేరినవి.

వేసవి సెలవులకు వంటామె రోజును విడిచి రోజు వచ్చి పెట్టుట కొప్పుకొన్నది. బాలికలు ఆమెకు ముందుగనే రెండు నెలల జీతమిచ్చిరి. తక్కిన దినములు ఊరిలో నిల్లుగల నలుగురు బాలికలు పంచుకొనిరి. ఉదయమొకమాఱు, అరగంటలో తిన్నంత తినుటయే; పిమ్మట పళ్లెము కడిగి లోన పెట్టవలయును, చీమలును కుక్కలును రాకుండ. విభూతికి శస్త్రము తరువాత కన్ను వాచి నీరు కాఱుచుండెను. చుక్కలమందు వేయువారు సెలవులలో లేరు గనుక దానిని మేము తెచ్చుకొంటిమి. కొట్టుగదిలో గంప యిప్పుడును అక్కడనే యున్నది.

జూన్‌లో తలుపులు తెఱచిన దినమున మా మేనకోడలు ఫోను చేసెను. “గంట కొట్టారు అత్తయ్యా. ఏడు వచ్చాయి. పులిహోర రాలేదు. మెట్లకిందంతా వెతికాం, ఏమీ లేదు.” ఆ మీదట కొంతసేపు మాటలాడలేదు. వంటామె మాత్రము ఆ యేడు చీపురు పట్టుకొని మెట్లక్రిందికి పోవలసిన పని రాలేదని చెప్పెనట. శుక్రాచార్యులు జూలైలో చిక్కెను.

మొన్న పొరుగింటి పిన్నిగారు మా యింటికి వచ్చి, కిటికీలో పండుకొన్న విభూతిని చూచి, “అయ్యో, దీని చెవి ఎవరు కోశారమ్మా?” అని జాలిపడెను. సంగతియంతయు చెప్పితిమి. ఆమె కొంతసేపు పిల్లి వంక చూచుచు కూర్చుండి, లేచి గుమ్మము దాటిన పిదప వెనుకకు తిరిగి, ఆ వైద్యుడు ఏ వీధిలో నుండునని యడిగెను. వారి అటకపై నొక చూలిపిల్లి యున్నదట.